ప్రతిష్ఠకు పోతే రెండో రోజు సాయంత్రం పోవాలె

వైశాఖం వచ్చిందంటే ఓరుగల్లు చుట్టుపక్కల ఏదో ఒక ఊరి నుంచి ప్రతిష్ఠ పత్రిక రావాల్సిందే. ఈ సమీక్ష అట్లాంటి ఒక ఊరి రామాలయంలో మూడు రోజులు జరిగిన విగ్రహ, ధ్వజస్తంభ ప్రతిష్ఠ ఏర్పాట్ల మీద. హనుమకొండ నుంచి పరకాల పోయే రోడ్డు దిగి నాలుగు కిలోమీటర్లు లోపలికి పోవాలె. మెచ్చుకోవాల్సినవీ తప్పుపట్టాల్సినవీ రెండూ ఉన్నాయి కాబట్టి ఊరి పేరు రాయడం లేదు. పేరు లేకపోతే పోయేదేం లేదు; ఈ ఎండాకాలం మీరు ఏ ఊరి ప్రతిష్ఠకు పోయినా దాదాపు ఇవే ఎదురవుతాయి. మార్కులు ముందే చెప్పేస్తే: గర్భగుడి లోపలి పనికి పదికి తొమ్మిది, వంటకు తొమ్మిది, నీళ్లకు ఏడు, మైకుకు రెండు. ఆ రెండు కూడా కరెంటు పోయినప్పుడు కాసేపు మూగబోయినందుకు.

చూడ్డానికి పోయేవాళ్లకు చెప్పేది ఒక్కటే. మూడో రోజు ముహూర్తానికి ఎగబడకండి. రెండో రోజు సాయంత్రం నాలుగున్నరకు చేరుకుని దీపాలు పెట్టేదాకా ఉండండి. విగ్రహాన్ని అంత దగ్గర నుంచి, అంత తీరికగా మళ్లీ ఎప్పటికీ చూడలేరు.

పత్రిక చదవడానికి ఒక పద్ధతుంది. పై సగం ఫొటోలు, అతిథుల పేర్లు, ఆశీస్సులు. దాన్ని వదిలేసి అడుగున ఉన్న కార్యక్రమాల పట్టికకు రండి. అందులో నిమిషాలతో సహా రాసినది ఒక్కటే ఉంటుంది, అది ముహూర్తం. ఇక్కడ 7 గంటల 41 నిమిషాలు, వృషభ లగ్నం, పుష్కరాంశ, అంటే ఆ లగ్నంలో శుభమని ఎంచిన చిన్న భాగం. ప్రతిష్ఠకు స్థిరలగ్నం కావాలె, అంటే వృషభం, సింహం, వృశ్చికం, కుంభం. ఏప్రిల్ చివర్లో వృషభం పొద్దున ఏడు గంటల అటు ఇటుగా పడుతుంది కాబట్టే వైశాఖంలో చాలా ప్రతిష్ఠలు ఆ టైంకే పెడతారు. ఆ ఒక్కటి తప్ప పట్టికలో 'సా. 6 గం.లకు' అని ఉన్నవన్నీ ఏడుంబావుకు మొదలవుతాయనుకుని బయలుదేరితే చాలు.

దారి సంగతి. ఇది యాసంగి కోతల కాలం. ఊరి రోడ్డుకు ఒక పక్క వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేర్చి, రాత్రయితే నల్ల తాటిపత్రి కప్పుతారు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే తీసుకోరు, రైతు మాత్రం ఏం చేస్తడు? కానీ బైకు మీద చీకట్లో వచ్చేవాళ్లకు ఆ నల్ల కుప్ప, దాని అంచు రాయి రెండూ కనబడవు. శాంతికల్యాణం చూసి రాత్రి తొమ్మిదికి తిరుగు ప్రయాణం పెట్టుకునేవాళ్లు దీన్ని లెక్కలోకి తీసుకోవాలె. బస్సులో వచ్చే ఆడవాళ్లు ఆధార్ దగ్గర పెట్టుకోండి, పల్లెవెలుగులో జీరో టికెట్టుకు అడుగుతారు. మెయిన్ రోడ్డు నుంచి లోపలికి ఊరోళ్లు రెండు ట్రాలీ ఆటోలు తిప్పారు, మంచి ఆలోచన. కాకపోతే పొద్దున పదకొండు తర్వాత ఆ ఆటోలు అన్నదానం సామాను మోసే పనిలో పడ్డాయి.

మొదటి రోజు గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. విష్వక్సేన పూజ, పుణ్యాహవాచనం, ఋత్విక్కులకు (యాగం చేసే అయ్యగార్లకు) దీక్షావస్త్రాలు, కంకణాలు, పుట్టమన్ను తెచ్చి పాలికల్లో నవధాన్యాలు చల్లే అంకురార్పణ, యాగశాల ప్రవేశం, అరణి చిలికి అగ్ని పుట్టించడం. చూసితీరాల్సింది ఆ చివరిదే. జమ్మి మీద పెరిగిన రావి కట్టెతో అరణి చేస్తారు. తాడుతో ఇద్దరు చిలుకుతుంటే ముందు పొగ, ఆ తర్వాత నిప్పురవ్వ. పొడి వేసవిలో ఐదారు నిమిషాల్లో అంటుకుంది. కంకణం కట్టుకున్నవాళ్లు పూర్ణాహుతి అయ్యేదాకా ఊరు దాటరు. మీ చుట్టాల్లో ఎవరైనా కట్టుకుంటే వాళ్లను బస్టాండుకు ఎదురు రమ్మని అడగకండి.

యాగశాల కట్టింది టెంట్‌హౌస్ వాళ్లు, బాగానే కట్టారు. నాలుగు గుండాలు: ఒకటి నలుచదరం, ఒకటి విల్లు ఆకారం, ఒకటి గుండ్రం, అట్లా దేని ఆకారం దానిదే. పైకప్పుకు తడకలు వేసి నడిమధ్య రెండడుగుల సందు వదిలారు. ఆ సందే ప్రాణం. చాలా ఊళ్లల్లో అందం కోసం గుండం మీద కూడా రంగుల షామియానా గుడ్డ లాగి కట్టేస్తారు. నెయ్యి ధార ఎక్కువైన రోజు మంట నాలుగడుగులు లేస్తుంది, గుడ్డ అంటుకోవడానికి ఎంతసేపు? ఇక్కడ ఇసుక బకెట్లు నాలుగు మూలలా పెట్టారు, పెట్టినందుకు మెచ్చుకోవాలె. సమిధలు మాత్రం పచ్చివి. మోదుగ పుల్లలు కొట్టి కనీసం పది పదిహేను రోజులు ఎండాలె, వీళ్లు ముందు వారం కొట్టినట్టున్నారు. పొగకు ఋత్విక్కుల కళ్లు ఎర్రబడ్డాయి, యాగంలో కూర్చున్న దంపతులు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. గాలివాలు చూసుకుని కూర్చోండి. వేసవిలో ఇక్కడ మధ్యాహ్నం గాలి ఎక్కువగా పడమటి నుంచే కొడుతుంది.

ఇక రెండో రోజు. విగ్రహాలు అప్పటికి ఒక రాత్రి నీళ్లల్లో ఉండి వచ్చాయి, అదే జలాధివాసం. దీనికి సిమెంటు తొట్టి కట్టించారు, ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల లోతు. శాస్త్రం ఒక పక్క ఉంచితే, జలాధివాసంతో శిల్పికీ ఊరికీ ఒక లాభం ఉంది. రాయిలో కంటికి కనబడని వెంట్రుకవాసి పగులు ఉంటే, నీళ్లల్లోంచి తీసి ఆరబెట్టినప్పుడు చుట్టూ రాయి ఆరిపోయినా ఆ గీత మాత్రం నల్లగా తడిగా నిలుస్తుంది. తీసిన అరగంటకు ఎదురెండలో కాకుండా ఏటవాలు వెలుతురులో చూడాలె. కమిటీలో ఒక పెద్దమనిషి, ఊళ్లో తాపీ పని చేసేవాడు, మోకాళ్ల మీద కూర్చుని మెడ దగ్గర, మోచేతి వంపు దగ్గర, విల్లు పట్టిన వేళ్ల దగ్గర వేలితో తడుముతూ చూశాడు. పగులు వచ్చేది అక్కడే, రాయి సన్నబడిన చోట. తేలితే ప్రతిష్ఠకు ముందే తేలాలె. పగిలిన విగ్రహం పూజకు పనికిరాదు.

సాయంత్రం ధాన్యాధివాసం. ఊరంతా వడ్లు తెస్తారు, ఇంటికి మానెడు, సోలెడు, ఉన్నవాళ్లు కుంచెడు. మూడున్నర అడుగుల రాముడి విగ్రహం పడుకోబెట్టి పూర్తిగా మునగాలంటే ఐదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు పరుపు కావాలె. లెక్కేస్తే మూడు క్వింటాళ్ల పైచిలుకు. సీత, లక్ష్మణుడు, హనుమంతుడు కలిపితే పది క్వింటాళ్లకు తగ్గదు. చాలా ఊళ్లల్లో నాలుగు గంపలు పోసి పైపైన కప్పి అయిందనిపిస్తారు. ఇక్కడ ట్రాక్టరు ట్రాలీ నిండా వచ్చాయి. ఒక్క పొరపాటు: కోసి రెండు రోజులు కాని వడ్లు కూడా కలిశాయి. పచ్చివడ్ల కుప్ప లోపల వేడెక్కుతుంది, వాసన పట్టుకుంటుంది, నూగుకు ఒళ్లంతా దురద. అంతసేపటికి రాయికి ఏమీ కాదు. కానీ తెల్లారి ఆ వడ్లు అన్నదానం కోసం మరకు పట్టిస్తే నూక ఎక్కువ వస్తుంది. ఆరిన వడ్లే తెమ్మని డప్పు చాటింపులో ఒక్క మాట చెబితే సరిపోయేది.

రెండో రోజు సాయంత్రమే పొమ్మనడానికి కారణం ఇదే. విగ్రహం ఇంకా పీఠం ఎక్కలేదు, చాప మీద పడుకుని ఉంటుంది. మడి కట్టుకోకపోయినా పిల్లలు, ముసలోళ్లు, ఎవరైనా దోసిట్లో వడ్లు పోయొచ్చు. రేపటి నుంచి అర్చకులు తప్ప ఎవరూ ముట్టుకోని పాదాల మీద మీ చేత్తో నాలుగు గింజలు పడతాయి. వడ్లు తర్వాత పూలు, పండ్లు, ఆపైన శయ్యాధివాసం: కొత్త మంచం, పరుపు, దిండు, దుప్పటి. ఊరు ఆడబిడ్డలు పుట్టింటికి వచ్చి ఉంటారు కాబట్టి పాటలు కూడా ఆ టైంకే. ఎండ దిగిపోతుంది, తొక్కిసలాట ఉండదు, మైకు కూడా కాస్త తెరిపినిస్తుంది.

మూడో రోజు ముహూర్తంలో అసలు పని ఎంతసేపో చాలామందికి తెలియదు. ఒక లగ్నం సుమారు రెండు గంటలు, దాన్ని తొమ్మిది నవాంశలు చేస్తే ఒక్కోటి పదమూడు నిమిషాలు. పుష్కరాంశ అంటే ఆ పదమూడు నిమిషాలే. ఆ లోపల పీఠం గుంతలో నవరత్నాలు, పంచలోహ ముక్కలు పెట్టి, పైన రాగి యంత్రం (మంత్రాక్షరాలు చెక్కిన రేకు) ఉంచి, రెండున్నర మూడు క్వింటాళ్ల రాయిని లేపి, దించి, తిన్నగా నిలబెట్టాలె. నల్లరాయి ఘనపుటడుగు 80 కిలోల పైనే తూగుతుంది, చేతులతో అయ్యే పని కాదు. కాబట్టి తెలిసిన స్థపతి, అంటే విగ్రహం నిలబెట్టే శిల్పి, ముందు రోజు రాత్రే అధివాసాలు అయ్యాక యంత్రం లేకుండా విగ్రహాన్ని ఒకసారి గుంతలో దించి సరిచూసి, మళ్లీ పైకి లేపి చెక్క దిమ్మెల మీద ఉంచుతాడు. ఇక్కడ అట్లాగే చేశారు. మూడుకాళ్ల గొలుసు కప్పీ, గోనెసంచులు చుట్టిన తాళ్లు, రెండు గడ్డపారలు, తూకంగుండు, రసమట్టం. గర్భగుడిలో స్థపతి, ఇద్దరు పనివాళ్లు, ప్రధానాచార్యులు, ఒక సహాయకుడు, అంతే. ఐదుగురు దాటితే ఊపిరాడదు, దీపాల వేడికి ఎవరో ఒకరు కళ్లు తిరిగి పడతారు.

అయినా ఒక చిన్న తప్పు జరిగింది, సరిదిద్దిన తీరు చూసే తొమ్మిది మార్కులు. యంత్రం పెట్టగానే గడప అవతల ఉన్నవాళ్లు బంగారం ముక్కలు, వెండి పూలు, నాణేలు అందించడం మొదలుపెట్టారు. పీఠం కింద మనదీ ఒకటి ఉండాలని ఎవరికుండదు! గుంత నిండాక ఒక ఐదు రూపాయల బిళ్ల అంచు మీదికి జారింది. విగ్రహం దించాక తూకంగుండు వేస్తే దారం ముక్కుకు ఎడంగా పడింది. బిళ్ల మందం రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. కానీ అడుగు వెడల్పున్న పాదపీఠానికి ఒక అంచు రెండు మిల్లీమీటర్లు లేస్తే మూడున్నర అడుగుల పైన కిరీటం దగ్గర ఏడు మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. స్థపతి ఏమీ అనలేదు. గొలుసు రెండు పళ్లు లాగి, సందులోకి వెదురుపుల్ల పెట్టి బిళ్లను బయటకు తోశాడు, మళ్లీ దించాడు. దారం నిలిచింది. పదకొండో నిమిషం. కమిటీలకు సలహా: అందరి నాణేలూ ముందు రోజే ఒక పళ్లెంలోకి తీసుకోండి, గుంతలో పట్టినన్ని వేసి మిగతావి ధ్వజస్తంభం గుంతలో వేయండి, అక్కడ బోలెడు చోటుంది.

విగ్రహాన్ని పీఠానికి అతికించే ముద్ద, అష్టబంధనం, దాని సంగతి వేరే చెప్పాలె, ఎందుకంటే మోసం ఎక్కువ జరిగేది ఇందులోనే. లక్క, గుగ్గిలం, తేనెమైనం, కావిరాయి పొడి, గేదె వెన్న, ఇవి ముఖ్యం. మిగతావి సంప్రదాయాన్ని బట్టి మారతాయి. రోట్లో వేసి రోకలితో గంటల తరబడి దంచుతూ, గట్టిపడినప్పుడల్లా కొంచెం కొంచెం వెన్న చేరుస్తారు. వెన్న ఎక్కువైతే మన ఎండలకు జారి కిందికి దిగుతుంది, తక్కువైతే ఆరాక పగిలి అభిషేకం నీళ్లు లోపలికి పోతాయి. వేళ్ల మధ్య వత్తిలా తిప్పితే విరగకూడదు, వేలికి అంటకూడదు. అది సరైన పదును. దంచే ఓపిక లేనివాళ్లు తెల్లసిమెంటు పూసి పైన కావి రంగు కొడతారు, చూడ్డానికి తేడా తెలియదు. పన్నెండేళ్లకు బంధనం మార్చేటప్పుడు తెలుస్తుంది: అష్టబంధనాన్ని వేడిచేసి ఊడదీయొచ్చు, సిమెంటును ఉలితో కొట్టాలె, ఉలి దెబ్బ పాదాలకు తగులుతుంది. ఇక్కడ రెండో రోజు మధ్యాహ్నం వంటశాల వెనక రోలు చప్పుడు వినబడింది. ఆ చప్పుడు వినబడని ఊళ్లో అనుమానపడొచ్చు.

నేత్రోన్మీలనం, అంటే స్వామి కళ్లు తెరిపించడం, ఈ ఊళ్లో ప్రతిష్ఠ తర్వాత చేశారు, కొన్నిచోట్ల ముందే చేస్తారు. బంగారు శలాకతో కళ్ల మీద గీత గీసి, తెర తీయగానే ఎదురుగా అద్దం, దూడతో ఉన్న ఆవు. స్వామి తొలి చూపు మనుషుల మీద పడకూడదు కాబట్టి గర్భగుడి నుంచి ముఖద్వారం దాకా నడుమ దారి ఖాళీగా ఉండాలె. ఖాళీగా ఉండాల్సిన ఆ దారిలోనే సెల్‌ఫోన్లు పైకెత్తిన పాతికమంది. ఆవు బెదిరి వెనక్కి లాగింది, దూడ పందిరి గుంజకు చుట్టుకుంది. ఒక తాడు రెండు పక్కలా కడితే తీరే సమస్య.

మైకు ఇక్కడే మార్కులు పోగొట్టుకుంది. అరగంటగా చదివింపుల జాబితా నడుస్తోంది: ఫలానావారు వెయ్యినూటపదహార్లు, ఫలానావారు ఐదువేల నూటపదహార్లు, ఇంటిపేరుతో సహా. లోపల ప్రాణప్రతిష్ఠ మంత్రం చదువుతుంటే బయట ఎవరి బైకో ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉందనీ వెంటనే తీయాలనీ చాటుతున్నారు. దాతల పేర్లు చదవాల్సిందే, ఇచ్చినవాడికి ఆ ముచ్చట ఉంటుంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర చదవండి, తినేవాళ్లు తీరికగా వింటారు. ముహూర్తానికి పావుగంట ముందు నుంచి తెర తీసేదాకా మైకు ఒక్క ఋత్విక్కు చేతిలోనే ఉండాలె. సన్నాయి, డోలు బృందం ఆ శబ్దం మధ్య ఏం వాయించిందో ఎవరికీ వినబడలేదు. పాపం మంచి జట్టు.

ధ్వజస్తంభం పని శుభ్రంగా జరిగింది. నారేప మాను, పైన ఇత్తడి తొడుగు, అడుగున కూర్మం. ఒకప్పుడు ఊరు మొత్తం మోకులు పట్టి లేపేది, ఇప్పుడు క్రేను. గుడి ముందునుంచి పోయే కరెంటు తీగలకు లైన్‌మన్‌తో మాట్లాడి ముందే ఎల్‌సీ (లైన్ ఆపే అనుమతి) తీసుకున్నారు, అందుకే గంటసేపు కరెంటు లేదు. మైకు మూగబోయిందని పైన చెప్పింది అప్పుడే. చూసేవాళ్లు మాను పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో నిలబడాలె. ముప్పై అడుగుల మానుకు నలభై ఐదు అడుగులు. నాణేలు వేసే తొందరలో జనం క్రేను చెయ్యి కిందికే వస్తారు, ఇక్కడ యువజన సంఘం పిల్లలు చేయీచేయీ పట్టుకుని గుండ్రంగా నిలబడి ఆపారు.

ఇక అన్నం దగ్గరికి వద్దాం. మూడో రోజుకు మూడు వేల మందిని అనుకున్నారు, కూర్చోబెట్టింది అంతకంటే ఎక్కువే. ఊరి లెక్క కిలో బియ్యానికి ఎనిమిది మంది; మూడు వేలకు దగ్గరదగ్గర నాలుగు క్వింటాళ్లు. ఇంట్లో కిలోకు పదిమంది తింటారు కదా అని లెక్క తగ్గించినచోటల్లా రెండు గంటలకు అన్నం అయిపోతుంది, ఎందుకంటే పొలం పని చేసే మనిషి పచ్చిపులుసు వచ్చాక ఇంకోసారి పెట్టించుకుంటాడు. కందిపప్పు కిలోకు ముప్పై మంది, అంటే క్వింటాలు. అన్నం ఒకేసారి వండి కుప్ప పోయలేదు. ఇరవై ఐదు కిలోల బగోనలు ఆరు, ముప్పావుగంటకు ఒక విడత, గంజి వార్చి తెల్లగుడ్డ మీద పరిచి ఆవిరి పోయాకే గంపలకెత్తారు. వేడి అన్నం కుప్పగా కప్పిపెడితే ఈ ఎండకు మూడింటికల్లా జిగట పట్టి వాసనొస్తుంది.

ప్రతిష్ఠ కాబట్టి ఉల్లి, ఎల్లిపాయ లేవు. ముద్దపప్పు, వంకాయ టమాట, పచ్చిపులుసు, పులిహోర, చక్కెర పొంగలి, పెరుగు. ఉల్లిగడ్డ లేని పచ్చిపులుసు అంటే చాలామంది వంటవాళ్లు చింతపండు నీళ్లల్లో ఉప్పు కలిపి పోసేస్తారు. ఇక్కడ నువ్వులు వేయించి దంచిన పొడి, కాల్చిన పచ్చిమిరప, చిటికెడు బెల్లం, జీలకర్ర, ఎండుమిర్చి పోపు. నువ్వులపొడి చివర్లో వేశారు, ముందే వేస్తే అడుగుకు దిగి పైన ఉత్త పులుపే వస్తుంది. ఎండకు అంతకంటే మంచి పదార్థం లేదు: పులుసు మరగబెట్టే పని లేదు, పాడయ్యే భయం లేదు. వంకాయ కూరలో నూనె తేలింది, అది రుచి కోసం కాదు, నీరు తగ్గించి నూనె పెంచితే సాయంత్రం దాకా నిలుస్తుంది. చక్కెర పొంగలి మాత్రం తీపి మొహం మొత్తింది.

బంతి భోజనాలు పెట్టారు, బఫే కాదు. రెండు పందిళ్లు కలిపి ఒక బంతికి మూడు వందలు, ఒక్కో బంతి ఇరవై ఐదు నిమిషాలు. పది బంతులకు నాలుగు గంటల పైనే. పదకొండున్నరకు మొదలైతే నాలుగింటికి పూర్తవుతుంది. కాబట్టి ఊరివాళ్లు కాని చుట్టాలు మొదటి రెండు బంతుల్లో కూర్చోవడమో, రెండున్నర తర్వాత రావడమో మేలు. పన్నెండున్నర నుంచి రెండింటిదాకా పందిరి బయట ఎండలో నిలబడాల్సి వస్తుంది. మొదట మోదుగ ఇస్తార్లు, అవి అయిపోయాక కాగితం ప్లేట్లు. ఇస్తారి బరువుకు గాలికి ఎగరదు, కాగితం ప్లేటు పప్పు పడకముందే పక్కవాడి ఒళ్లోకి పోతుంది. మోదుగాకు కుట్టేవాళ్లు చుట్టుపక్కల తండాల్లో ఇంకా ఉన్నారు, నెల ముందు చెబితే ఐదు వేలు కుట్టి ఇస్తారు.

నీళ్లకు ఏడు ఎందుకంటే లెక్క సరిగ్గానే వేశారు, చోటు తప్పారు. 42 డిగ్రీల ఎండలో పూటకు మనిషికి రెండు లీటర్లు. మూడు వేలకు 20 లీటర్ల క్యాన్లు మూడు వందలు. అన్నీ భోజనాల దగ్గరే పెట్టారు. యాగశాల దగ్గర, చెప్పులు విడిచే చోట ఒక్క క్యాను లేదు, గంటలకొద్దీ జనం ఉండేది అక్కడే. చెప్పులు విడిచిన చోటు నుంచి గుడి మెట్ల దాకా నలభై అడుగుల గ్రానైటు పరుపు. పది దాటాక దాని మీద అడుగు పెట్టలేం. నీళ్లు చల్లితే ఐదు నిమిషాల్లో ఆరిపోతాయి. కొబ్బరిపీచు చాప పరిచి తడిపితే గంట ఆగుతుంది. రెండో పూటకు ఎవరికో తట్టి పరిచారు. మరుగుదొడ్లకు పక్కనున్న బడి తాళం తీయించారు, తొట్టి నింపే మనిషిని కూడా పెట్టారు, ఇంత బాగా చేసిన ఊళ్లు తక్కువ. పసిపిల్లలున్న వాళ్లు బడి వరండాలోనే కూర్చోండి, వేపచెట్టు నీడ ఉంది.

ఒక హెచ్చరిక. రామాలయంతో పాటే బొడ్రాయి కూడా వేస్తున్నారేమో పత్రికలో చూసుకోండి. బొడ్రాయి అంటే ఊరికి బొడ్డు, దాని ప్రతిష్ఠ నాడు చాలా ఊళ్లల్లో పొలిమేర కట్టడి ఉంటుంది. కట్టడి మొదలయ్యాక లోపలివాళ్లు బయటికి, బయటివాళ్లు లోపలికి కదలరు. తెల్లారుజామున వచ్చి తొమ్మిదింటికి ఆఫీసుకు పోదామనుకుంటే కుదరదు, పొలిమేర దగ్గర కర్రలడ్డం పెట్టి నవ్వుతూనే ఆపేస్తారు. ఇక్కడ బొడ్రాయి పని మరో నెలకు పెట్టుకున్నారు, అందుకే ఆ ఇబ్బంది లేదు. పోచమ్మకు బోనాలు, యాటలు కూడా అప్పుడే. ప్రతిష్ఠ మూడు రోజులు ఊళ్లో నీచు లేదు, కల్లు లేదు.

ఆడబిడ్డలను పిలిచి ఒడిబియ్యం పోసే ఇల్లు అయితే సామాను హనుమకొండలోనే తెచ్చుకోండి: పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, పసుపుకొమ్ములు, రవికగుడ్డ. ఊళ్లో దుకాణం మొదటి రోజుకే కుడుకలు అయిపోయాయంది. కొబ్బరికాయలు మాత్రం గుడి దగ్గర దొరుకుతాయి. కొట్టే చోటు ధ్వజస్తంభానికి ఎడమన వేరేగా పెట్టారు, గర్భగుడి గడప మీద కొట్టనివ్వలేదు, మంచి పని. కొత్త గడప చెక్కినవాడి కష్టం తెలిసినవాళ్లు చేసే పని అది.

డబ్బు దగ్గర దాపరికం లేదు. ప్రతి చందాకు రశీదు, రోజూ సాయంత్రం వసూలు లెక్క బోర్డు మీద సుద్దతో. పక్కనే పాత గుడి రాళ్లు, ఒక నాగశిల, తల లేని ఒక నంది, గోడవారగా పడి ఉన్నాయి. ఈ నేల మీద ఏ ఊళ్లో తవ్వినా కాకతీయుల కాలపు రాయి ఒకటి తగులుతుంది. వాటి మీద ఎనామిల్ రంగు పూశారు, వెండిరంగు నంది మీద ఎర్ర గంట. చెక్కడంలోని సన్న గీతలన్నీ రంగుకు పూడుకుపోయాయి. కమిటీ ఇంకేమీ మార్చకపోయినా ఈ రంగు గీకించి, రాళ్లను ఒక అరుగు మీద నిలబెడితే బాగుండు. గీకడం కూడా ఇనుప బ్రష్షుతో కాదు, రంగు కరిగించే మందు రాసి మెత్తటి గుడ్డతో.

ప్రతిష్ఠ అయ్యాక నలభై ఒక్క రోజులు మండలం, రోజూ అభిషేకం. ముహూర్తం నాడు తోపులాటలో ఏమీ కనబడలేదనుకున్నవాళ్లు ఆ రోజుల్లో పోవచ్చు. పొద్దున ఆరింటికి అయ్యగారు తలుపు తీస్తారు, ఏడు లోపల పోతే ఇద్దరు ముగ్గురికి మించి ఉండరు. హారతి వెలుగులో పాదాల కింద చూడండి. అష్టబంధనం వేలిమందాన ఎర్రగా, ఇంకా కొంచెం మెరుస్తూ కనబడుతుంది. కుడిపక్కన ఒకచోట పనివాడి బొటనవేలి అచ్చు కూడా ఉంది.